మందా? శస్త్రచికిత్సా?
పిట్యూటరీ గ్రంథి జబ్బుల గురించి నాలుగు మాటలు

(మన సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



షుగరు గురించో, బి.పి. గురించో చెబుతారని వచ్చినవారికి పిట్యూటరీ అనే పేరు కొత్తగా ఉండవచ్చు. కాని ఈ చిన్న గ్రంథి మూలంగా మన ఇళ్లలో ఎంత కన్నీరు కారుతున్నదో చూసినందువల్లనే మేము ఈ విషయం ఎన్నుకొన్నాము. పెళ్లయి నాలుగేళ్లయినా కడుపు పండలేదని కోడలిని సూటిపోటి మాటలంటారు. నెలసరి నిలిచిపోయిందని ఆ పిల్ల ఎవరికీ చెప్పుకోదు. బిడ్డ లేకుండానే పాలు వస్తున్నవంటే సిగ్గుతో దాచుకొంటుంది. తావీజులు కడతారు, ఊళ్లు తిప్పుతారు, చివరకు రెండో పెళ్లి మాట ఎత్తుతారు. వీటిలో కొన్ని కేసులకు కారణం ఒక్క రక్తపరీక్షతో బయటపడేదే.

ఈ గ్రంథి ముక్కు మొదలుకు వెనుక, మెదడు అడుగున, ఎముకలోని చిన్న గుంటలో ఉంటుంది. బఠాణీ గింజంత పరిమాణం, సుమారు అర గ్రాము బరువు. ఇంత చిన్నదే అయినా థైరాయిడుకు, అడ్రినల్ గ్రంథులకు, అండాశయాలకు, వృషణాలకు ఆజ్ఞలు ఇక్కడినుంచే వెళతాయి. పిల్లల ఎదుగుదల, తల్లిపాలు కూడా దీని చేతిలోనివే. మన కృష్ణకు ప్రకాశం బ్యారేజీ ఎలాగో ఒంటికి ఇది అలాగ. ఇక్కడ గేటు చెడితే ఎక్కడో అవనిగడ్డ దగ్గర చేనుకు తెలుస్తుంది.

ఈ గ్రంథిలో ఒక్కొక్కప్పుడు చిన్న గడ్డ పుడుతుంది. ఇది దాదాపు ఎప్పుడూ క్యాన్సరు కాదు. "మెదడులో గడ్డ" అనగానే ఇంటిల్లిపాదీ ఏడవనవసరం లేదు. అయితే ఆ గడ్డ ఏదో ఒక హార్మోనును అతిగా తయారుచేయవచ్చు. పెరిగితే పైనున్న కంటి నరాలను నొక్కి పక్కచూపు తగ్గించవచ్చు.

దీనికి మందు మంచిదా, ఆపరేషను మంచిదా అని అందరూ అడుగుతారు. ఏ హార్మోను ఎక్కువైందో తెలియకుండా దీనికి జవాబు చెప్పరాదు.

అన్నిటికంటె ఎక్కువగా కనిపించేది ప్రొలాక్టిన్ అనే పాల హార్మోను పెరగడం. గర్భిణులు కాని స్త్రీలలో ఇది మామూలుగా మిల్లీలీటరు రక్తానికి 25 నానోగ్రాముల లోపు ఉంటుంది. ఎక్కువగా వచ్చినంత మాత్రాన గడ్డ ఉన్నదని అనుకోరాదు. గర్భం వచ్చినా, థైరాయిడు తగ్గినా ఇది పెరుగుతుంది. వాంతులకని, కడుపుబ్బరానికని మందుల షాపులో అడిగి తెచ్చుకొనే డోంపెరిడోన్ మాత్రలవల్లా, కొన్ని మానసిక వైద్యపు మందులవల్లా కూడ పెరుగుతుంది. కావున మీరు వాడే ప్రతి మాత్ర సంగతీ డాక్టరుకు చెప్పండి. కాని మానసిక వైద్యపు మందులను మీ అంతట మీరు మానవద్దు. ఈ కారణాలన్నీ చూసిన తరువాతనే ఎం.ఆర్.ఐ. తీయిస్తారు.

ప్రొలాక్టిన్ గడ్డకు సాధారణంగా మొదటి చికిత్స మాత్రలే. మెదడు డోపమైన్ అనే పదార్థాన్ని పంపి ఈ హార్మోనును అదుపులో ఉంచుతుంది. డోపమైన్ పని చేసిపెట్టే మందు ఇస్తే హార్మోను దిగుతుంది, చాలామందిలో గడ్డ కూడా కుంచించుకుపోతుంది. 1960ల దశకంలో స్విట్జర్లాండులోని సాండోజ్ కంపెనీవారు కనిపెట్టిన బ్రోమోక్రిప్టిన్ ఇటువంటిదే. దాని తరువాత వచ్చింది కాబర్గోలిన్. బ్రోమోక్రిప్టిన్ రోజూ వేసుకోవాలి. కాబర్గోలిన్ వారానికి ఒకటి రెండు సార్లు చాలు. 1994లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక పరిశోధన వచ్చింది. ప్రొలాక్టిన్ పెరిగి నెలసరి ఆగిన 459 మంది స్త్రీలకు ఈ రెండు మందులలో ఏదో ఒకటి ఇచ్చి చూశారు. హార్మోను మామూలు స్థితికి వచ్చినది కాబర్గోలిన్‌తో 83 శాతం మందిలో, బ్రోమోక్రిప్టిన్‌తో 59 శాతం మందిలో. బాధలు ఓర్చుకోలేక మందు మానినవారు మొదటిదానితో 3 శాతం, రెండవదానితో 12 శాతం.

మందుకూ ఇబ్బందులున్నవి. వికారం, తలతిరుగుడు మొదట్లో ఉంటాయి. రాత్రి తిండితో వేసుకుంటే తగ్గుతాయి. కొద్దిమందిలో ప్రవర్తన మారుతుంది: పేకాట, అతి ఖర్చు, పట్టలేని కోరికలు మొదలవుతాయి. ఇంట్లోవారు ఇది గమనించి తిట్టకుండా డాక్టరుకు చెప్పాలి. పెద్ద మోతాదులో ఏళ్లతరబడి వాడేవారికి గుండె కవాటాల పరీక్ష అవసరం. కనీసం రెండేళ్లు వాడి, హార్మోను సరిగా ఉండి, గడ్డ కనిపించకపోతే డాక్టరు మెల్లగా ఆపి చూస్తారు. చాలామందిలో మళ్లీ పెరుగుతుంది గనుక రక్తపరీక్షలు మానరాదు. చిన్న గడ్డ ఉన్నవారికి గర్భం నిలిచిందని తెలియగానే సాధారణంగా మందు ఆపిస్తారు. పెద్ద గడ్డ అయితే కనిపెట్టి చూడాలి.

మరి ప్రొలాక్టిన్ గడ్డకు కత్తి ఎప్పుడు? మందు పనిచేయనప్పుడు, మందు పడనప్పుడు, చూపు తగ్గుతూ మందుకు లొంగనప్పుడు. 2023లో పిట్యూటరీ సొసైటీ నిపుణులు వెలువరించిన పత్రం ప్రకారం, చిన్న గడ్డ అయి, చేయి తిరిగిన సర్జను దొరికితే, ఏళ్లతరబడి మాత్రలు వద్దనుకునేవారికి ఆపరేషనును మొదటి దారిగానే చూపవచ్చు. ఆ నిర్ణయం డాక్టరు, రోగి కలిసి తీసుకోవలసినది.

ఇక రెండు జబ్బులలో వరుస తిరగబడుతుంది. ఎదుగుదల హార్మోను పెద్దవారిలో ఎక్కువైతే చేతి ఉంగరం బిగిసిపోతుంది, చెప్పుల సైజు పెరుగుతుంది, దవడ ముందుకు వస్తుంది. దీనిని ఆక్రోమెగలీ అంటారు. కుస్తీలతో పేరుపొందిన గ్రేట్ ఖలీకి 2012లో అమెరికాలో పిట్యూటరీ గడ్డ తీశారు. కుషింగ్స్ వ్యాధిలో కార్టిసాల్ పెరిగి ముఖం గుండ్రమవుతుంది, పొట్టమీద ఊదారంగు చారలు వస్తాయి, షుగరు, బి.పి. అదుపు తప్పుతాయి. ఈ రెండిటికీ సాధారణంగా మొదట ఆపరేషనే. గడ్డ పూర్తిగా రాకపోతే నెలకొక ఇంజెక్షను, మాత్రలు, రేడియేషను తరువాతి మెట్లు.

ఆపరేషనంటే పుర్రె కోస్తారని భయపడతారు. 1907లో ఆస్ట్రియాలో ష్లోఫర్ అనే సర్జను ముక్కు మార్గాన ఈ గడ్డను మొదటిసారి తీశాడు. ఈనాడు చాలావరకు ముక్కురంధ్రంలోనుంచి సన్నని దూరదర్శినితో చేస్తారు. బయటికి మచ్చ ఉండదు. ప్రమాదాలు లేకపోలేదు: మెదడు నీరు ముక్కునుంచి కారడం, అతి మూత్రం, మిగిలిన హార్మోనులు తగ్గిపోవడం. అందుచేత ఇటువంటివి తరచు చేసే సర్జను దగ్గరకే వెళ్లాలి. "మీరు ఏడాదికి ఇలాంటివి ఎన్ని చేస్తారు?" అని అడగడం అమర్యాద కాదు.

రంజాను గురించి ఒక ముఖ్యమైన మాట. కాబర్గోలిన్‌కు రోజా అడ్డం కాదు. ఇఫ్తారు తరువాత వేసుకోవచ్చు. కాని ఆపరేషను తరువాత కార్టిసాల్ తగ్గి హైడ్రోకార్టిసోన్ వాడుతున్నవారు ఆ మాత్ర మానితే ప్రాణం మీదికి వస్తుంది. జబ్బు మనిషికి ధర్మంలో సడలింపు ఉన్నది. డాక్టరును, ఇమాము సాహెబును ముందే అడిగి నిర్ణయించుకోండి. నిలువునా వచ్చిన తలనొప్పి, వాంతులు, ఒకటి రెండుగా కనిపించడం ఉంటే తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.

హైదరాబాదు నిమ్స్‌లో హార్మోను వైద్యం, మెదడు శస్త్రచికిత్స రెండూ ఒకే ఆవరణలో ఉన్నవి. మనకు దగ్గరలో మంగళగిరి ఎయిమ్స్, గుంటూరు, విజయవాడ ప్రభుత్వ ఆసుపత్రులు ఉన్నవి. ముందు అక్కడ చూపించి అవసరమైతే పైకి వెళ్లవచ్చు. ఖర్చుకు భయపడి ఇంట్లో కూర్చోకుండా ప్రభుత్వ ఆరోగ్య పథకంలో మీ కేసు వస్తుందో లేదో ఆసుపత్రి కౌంటరు వద్ద అడగండి.

చివరిగా అత్తగార్లకు, భర్తలకు ఒక మనవి. ప్రొలాక్టిన్ మగవారిలోనూ పెరుగుతుంది. కోరిక తగ్గుతుంది, సంతానం కలగదు. కోడలితోపాటు కొడుకునూ పరీక్షకు పంపండి. సంతానం లేదన్న నింద ఒక్కరి నెత్తిన వేసేముందు రిపోర్టు రానివ్వండి. దువా చేయండి, దవా కూడా చేయించండి. ఒకటి చేస్తే రెండవది అక్కరలేదని ఏ పెద్దలూ చెప్పలేదు.