ఎత్తేది ఆయిల్, ఆపేది లాకు

ఈ వారం ముచ్చట హైడ్రాలిక్ ర్యాంపు గురించి. వర్సాన్‌లో ఉంటూ డ్రాగన్ మార్ట్ వైపు సరుకు దింపే లారీల మీద పనిచేసేవాళ్లకు టెయిల్ లిఫ్ట్ అంటే ఏంటో చెప్పక్కర్లేదు. లారీ వెనక బటన్ నొక్కితే లేచే ఇనప పలక. దానికి పెద్దన్నలాంటిది మిలిటరీ విమానం వెనక ఉంటుంది.

2021 ఏప్రిల్ గుర్తుందా? కరోనా రెండో వేవ్‌లో బేగంపేట నుంచి ఒడిశాకు ఖాళీ ఆక్సిజన్ ట్యాంకర్లను మన ఎయిర్‌ఫోర్స్ సీ-17 విమానాల్లో తీసుకెళ్లారు. ఆ వెనక ర్యాంపు దిగింది కాబట్టే ట్యాంకర్లు నేరుగా విమానం కడుపులోకి ఎక్కాయి. ఆ రోజుల్లోనే దుబాయి నుంచి కూడా ఖాళీ ఆక్సిజన్ కంటెయినర్లు అలాగే ఇండియాకు వెళ్లాయి.

సీ-130 అని ఇంకో రవాణా విమానం ఉంది. దాని కొత్త రకం సీ-130జే తోక భాగాలు మన హైదరాబాద్ పక్కన ఆదిబట్లలోనే తయారవుతాయి. ఆ తోక కిందే ర్యాంపు. దాని ఆయిల్ ప్రెషర్ సుమారు 3000 పీఎస్ఐ. కారు టైరులో ఉండేది 30, 35. తేడా మీరే చూడండి.

ఆ ర్యాంపును మామూలుగా కరెంటు పంపు నడిపిస్తుంది. అది పనిచేయకపోతే చేత్తో కొట్టే పంపు కూడా ఉంటుంది. మెకానిక్‌కు ఇక్కడే సగం జవాబు దొరుకుతుంది. చేతి పంపుతో లేచి, కరెంటు పంపుతో లేవకపోతే తప్పు మోటారు వైపు. రెండింటితోనూ లేవకపోతే ఆయిల్, వాల్వు, సిలిండర్ వైపు చూడాలి. దేన్నీ విప్పకముందే తప్పు ఏ సగంలో ఉందో తేల్చుకోవడం, అదీ పద్ధతి.

మన లారీకీ ఇదే లెక్క. బటన్ నొక్కగానే ముందు చెవి పెట్టండి. మోటారు చప్పుడే లేదా? మెయిన్ స్విచ్, ఫ్యూజు, బ్యాటరీ, రిమోట్ వైరు చూడాలి. మోటారు తిరుగుతోంది, పలక లేవట్లేదా? బరువు ఎక్కువైందేమో, ఆయిల్ తగ్గిందేమో. ఆయిల్ మట్టం మాత్రం మాన్యువల్ చెప్పిన స్థితిలోనే చూడండి. పలక పైన ఉన్నప్పుడు ఆయిల్ సిలిండర్లలో ఉంటుంది. ట్యాంకు తగ్గినట్టు కనిపిస్తే నింపేస్తాం, పలక దించగానే పొంగుతుంది.

గుర్రుమంటూ, కుదుపుతూ లేస్తోందా? ఆయిల్‌లో గాలి చేరి ఉండొచ్చు. పాలలా తెల్లబడితే నీళ్లు కలిశాయేమో అని అనుమానించాలి. పొద్దున బాగుండి, మధ్యాహ్నం ఎండకు నీరసపడుతోందా? ఆయిల్ వేడెక్కి పల్చబడి, అరిగిన పంపులో, సీళ్లలో లోపలే జారిపోతోందన్నమాట. అప్పుడు కొందరు రిలీఫ్ వాల్వు బిగించి ప్రెషర్ పెంచుతారు. అది మాత్రం వద్దు. ఆ వాల్వు ఉన్నదే పైపు పగలకుండా కాపాడటానికి.

ఇక అన్నిటికన్నా ప్రమాదం, పైన ఆపిన పలక మెల్లగా దానంతట అదే దిగడం. బయట చుక్క ఆయిల్ కనిపించకపోవచ్చు. లోపల సిలిండర్ సీలో, పట్టి ఉంచే వాల్వో లీకవుతోంది. ఇవాళ నాలుగు వేళ్లు జారింది, రేపు బరువుతో ఒక్కసారే పడొచ్చు. విమానం గాల్లో ఉన్నప్పుడు ర్యాంపును ఆయిల్ మీద భారం వేసి వదిలేయరు, ఇనప లాకులు పట్టి ఉంచుతాయి. ఎత్తేది ఆయిల్, ఆపేది లాకు. కాబట్టి బరువు దించి, కింద గట్టి సపోర్టు పెట్టి, మెయిన్ స్విచ్ ఆపేదాకా పలక కింద తల కాదు కదా, చెయ్యి కూడా పెట్టొద్దు.

ఇంకో మాట. లీకు ఎక్కడుందో వేలితో తడిమి చూడొద్దు. సూది మొనంత రంధ్రం నుంచి వచ్చే ఆయిల్ చర్మంలోకి దూసుకుపోతుంది. చీమ కుట్టినట్టే ఉంటుంది, నొప్పి కూడా ముందు పెద్దగా ఉండదు. కానీ లోపల కండ చచ్చిపోతుంది, వేలో చెయ్యో పోవచ్చు. చూడాలంటే దూరం నుంచి అట్టముక్క అడ్డం పెట్టండి. గుచ్చుకుందా, కట్టు కట్టుకుని రూముకు పోవద్దు. వెంటనే 998కి ఫోన్ చేసి ఆస్పత్రికి వెళ్లి, “హైడ్రాలిక్ ఆయిల్ ప్రెషర్‌తో లోపలికి వెళ్లింది” అని చెప్పండి. ఆపరేషన్ అవసరం కావచ్చు, గంటలు కూడా లెక్కే.

ఫోర్‌మన్‌కు చెప్పడానికి మొహమాటం వద్దు. “ర్యాంప్ అప్నే ఆప్ నీచే ఆ రహా హై” అనండి, చాలు. ఒక వీడియో తీసి వాట్సాప్‌లో పెట్టండి, తేదీతో సాక్ష్యం ఉంటుంది. పనిచోట ప్రమాదం నుంచి కాపాడే ఏర్పాట్లు యజమాని బాధ్యత అని ఇక్కడి కార్మిక చట్టమే చెబుతోంది. ఎవరూ పట్టించుకోకపోతే కార్మిక శాఖ నంబరు 600590000.

రిపేరు మెకానిక్ పని. కనిపెట్టి ఆపడం మన పని. లారీ ఒక పూట ఆగితే సరుకు రేపు చేరుతుంది. చెయ్యి పోతే ఇంటికి పంపే పైసలే ఆగిపోతాయి. ఈ మాట మీ రూములో ఉన్న డ్రైవరన్నకు, కొత్తగా వచ్చిన హెల్పర్ తమ్ముడికి వినిపించండి. జాగ్రత్త, ఉంటాను.