తంజావూరి నాటకకర్త్రి రంగాజమ్మ

 

గ్రామదస్త్రములో పేరెక్కని రైతు తాను దున్నిన చేనికే హక్కు రుజువు చేసికొనలేక చిక్కుపడును. సాహిత్యక్షేత్రమునను అట్లే. నాటకములు వ్రాసిన స్త్రీలలో పేరు నిలిచినవారు మిక్కిలి తక్కువ. అమెరికాలో మెర్సీ ఓటిస్ వారెన్ అను విదుషి 1772వ సంవత్సరమున అచ్చటి గవర్నరును ఎత్తిపొడుచుచు ఒక నాటకమును పత్రికలో ప్రకటించెను. కాని అందు తన పేరు వేసికొనలేదు. అంతకు నూరేండ్లకు పూర్వమే కావేరీతీరమున ఒక తెలుగు వనిత నాటకము రచించెను. తన కృతులయందు తన పేరును, తల్లిదండ్రుల పేర్లను నిస్సంకోచముగా నిలిపెను. ఆమెయే పసుపులేటి రంగాజమ్మ.

తంజావూరు అరవదేశము. అయినను 1532 ప్రాంతమున అచ్చట పాలన ప్రారంభించిన నాయకరాజులు తెలుగువారు. వారి కొలువున తెలుగే కవితాభాష. రఘునాథనాయకుడు స్వయముగా కవి. ఆయన ఆస్థానమున రామభద్రాంబ సంస్కృతమున రఘునాథాభ్యుదయము రచించెను. మధురవాణి ఆయన తెలుగు రామాయణమును సంస్కృతీకరించెను. చదువుకొన్న స్త్రీకి సభలో పీటవేసిన కొలువది. రఘునాథుని కుమారుడు విజయరాఘవుడు. క్షేత్రయ్య పదములు వినిన ప్రభువు ఈతడే.

రంగాజమ్మ వేంకటాద్రి, మంగమాంబల పుత్రిక. వేశ్యాకులజాత. విజయరాఘవుని ఆస్థానకవయిత్రి, ఆతని ప్రియురాలు. ఎనిమిది భాషలలో కవిత్వము చెప్పగలదని ప్రసిద్ధి గాంచెను. ఆమె పాండిత్యమునకు మెచ్చి రాజు కనకాభిషేకము చేసెను. శ్రీనాథునివంటి మహాకవికి దక్కిన గౌరవము ఒక స్త్రీకి దక్కుట సామాన్యము కాదు. ఉషాపరిణయ ప్రబంధమేగాక, రామాయణ భారత భాగవతములకు సంగ్రహములును ఆమె రచించెను.

ఆమె కీర్తికి మూలస్తంభము మన్నారుదాసవిలాసము. మన్నారుగుడి రాజగోపాలస్వామి భక్తుడగుటచే విజయరాఘవునకు మన్నారుదాసుడని పేరు. ఆతడును, కాంతిమతి యను కన్యకయు పరస్పరానురక్తులై వివాహమాడుట ఇందలి కథ. దీనిని ఆమె ప్రబంధముగా నొకమారు, యక్షగాననాటకముగా నొకమారు రచించెను. ఒకటి చదువుకొనుటకు, మరియొకటి కన్నులార చూచుటకు. విజయరాఘవుడు తాను వ్రాసిన యక్షగానములలో ప్రహ్లాదచరిత్రము, కాళీయమర్దనము వంటి పురాణకథలను గైకొనెను. రంగాజమ్మయో, సభలో కూర్చున్న రాజునే రంగముమీద నిలిపి, తన కాలపు జీవితమునే నాటకము చేసెను. రాజస్తుతి మితిమీరినదని ఆక్షేపింపవచ్చును. అది ఆస్థానకవులందరు తీర్చిన ఋణమే. ఆ ఋణము నడుమ సైతము దరువులతో, ద్విపదలతో, వచనముతో కథను ఆడించిన నేర్పు ఆమె సొంతము.

1673వ సంవత్సరమున మధుర చొక్కనాథనాయకుని సేనలు తంజావూరుపై బడినవి. విజయరాఘవుడు యుద్ధమున మరణించెను. రాజ్యము పోయెను, కొలువు చెదరెను. ఆడించువారు లేని నాటకమునకు తాటాకే దిక్కు. పిమ్మట వచ్చిన మహారాష్ట్రరాజులు పరాయిభాషయని ఆ గ్రంథములను పారవేయలేదు. తాము సైతము తెలుగున యక్షగానములు వ్రాసిరి. శరభోజి మహారాజు భాండాగారమును మిక్కిలి పెంపొందించెను. 1918లో సరస్వతీమహలు ప్రజలందరకు తెరువబడెను. కత్తి కాపాడలేనిదానిని గ్రంథాలయము కాపాడినది.

గ్రంథము మిగిలినంతమాత్రమున గౌరవము మిగులదు. అదే తంజావూరున తరువాతి శతాబ్దమున ముద్దుపళని రాధికాసాంత్వనము రచింపగా, బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో దానిని పరిష్కరించి ప్రకటించెను. మరుసటి యేడే ప్రభుత్వము దానిని నిషేధించినది. అంతటి శృంగారము పురుషుల ప్రబంధములలో లేదా? లేకేమి! వ్రాసినది స్త్రీ, అందును వేశ్య, అనునదే పెద్ద నేరమైనది. కులమునుబట్టి కవిత్వమును తూచినచో రంగాజమ్మకు సైతము మన అరలలో చోటుండదు. కనకాభిషేకము చేసిన రాజు కన్న చిన్నమనసు మన కేల?

మహాశయులారా! కొల్లేటి చెమ్మకు, చెదలకు ఈ గణపవరప్రాంతమున లోటులేదు. అటుకలమీద పడియున్న తాటాకుకట్టలు, అమ్మమ్మలు వ్రాసికొన్న పాటలపుస్తకములు పొయ్యిలోనికి పోకమున్నే ఈ గ్రంథాలయమునకు చేరవలయును. ఎవరు వ్రాసినదియు, ఎవరి యింట దొరికినదియు నమోదుపుస్తకములో స్పష్టముగా ఎక్కవలయును. వ్రాసినది స్త్రీయైనచో ఆమెను ఫలానావారి భార్యయని గాక, ఆమె పేరుతోనే వ్రాయవలయును. ఇరువదియైదేండ్లు పుస్తకముల నిచ్చిపుచ్చుకొన్న ఈ సంస్థ ఇకమీదట పేర్లను సైతము కాపాడుగాక! రంగాజమ్మ తన పేరు తానే వ్రాసికొనెను. దానిని చెరపకుండుట మన వంతు.

స్వస్తి.