ఉగ్గుగిన్నె నుంచి పలక దాకా

(పెద్దారవీడులో పసిబిడ్డల తల్లిదండ్రుల సమావేశంలో ఒక విశ్రాంత ఉపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమని కోరినప్పుడు మొదట సంకోచించాను. నేను వైద్యురాలిని కాను, పురాణ ప్రవచనం చేయగల విదుషినీ కాను. ఈ మెట్ట ప్రాంతంలో ముప్పై ఏళ్ళు ఒకటో తరగతి పిల్లలచేత అక్షరాలు దిద్దించినదాన్ని, ముగ్గురు బిడ్డలను పెంచినదాన్ని. ఆ పెంపకంలో నేను చేసిన పొరపాట్లు మీరు చేయకుండా ఉంటే చాలునన్న ఆశతో నిలబడ్డాను. ఒక తల్లి మరొక తల్లితో చెప్పుకొనే మాటలుగా వీటిని స్వీకరించండి.

భాగవతంలో బాలకృష్ణుడు మన్ను తిన్న ఘట్టం మీకందరికీ తెలిసినదే. బలరాముడు, తోటి గోపబాలురు వచ్చి చెప్పగా యశోదమ్మ ఏమి చేసింది? పిల్లల మాటలే కదా అని ఊరకుండలేదు. బిడ్డ కాదంటే సరేనని విడిచిపెట్టనూ లేదు. నోరు తెరిచి చూపమన్నది. అక్కడ ఆమెకు సకల లోకాలు కనిపించడం పరమాత్మ లీల. మన బిడ్డల నోరు తెరిపిస్తే మనకు కనిపించేవి వేరు. నా మొదటి మాట వాటిని గురించే.

నోటిలో కనిపించిన నీరు

మా పెద్దవాడు 1983లో పుట్టాడు. రెండు నెలలు నిండకముందే వాడు రాత్రులు ఏడ్చేవాడు. మా అత్తగారు ప్రేమతోనే, "అమ్మాయీ, బిడ్డకు పాలు చాలడం లేదు, డబ్బాపాలు తెప్పిద్దాం" అన్నారు. నేను కాదనలేదు. శుభ్రత తెలిసినదాన్నని నాకొక గర్వం కూడా ఉండేది. బోరింగు నీళ్ళు తెచ్చి, పావు వంతు ఇగిరేదాకా మరగకాచి, వడగట్టి, ఆ నీటిలో పొడి కలిపి పట్టాను. తరువాత వాడికి జావ కాచినా, పప్పు ఉడికించినా అదే నీరు.

వాడికి ఏడేళ్ళు వచ్చి పాలపళ్ళు ఊడి కొత్త పళ్ళు మొలిచాయి. వాటిమీద సుద్ద పూసినట్లు తెల్లని చారలు కనిపించాయి. మరి రెండు మూడేళ్ళకు ఆ చారలు గోధుమరంగుకు తిరిగాయి. సరిగా తోముకోవడం లేదని వాడిని ఎన్నోసార్లు మందలించాను, ఒకసారి కొట్టాను కూడా. ఆ మచ్చలు తోమితే పోయేవి కావని, అవి చిగురు లోపల పన్ను తయారయ్యేటప్పుడే పడినవని నాకు తెలియదు. వాడి పెళ్ళి ఫోటోలన్నింటిలో పెదవులు బిగించుకొనే ఉన్నాడు. ఆ ఫోటోలు చూసినప్పుడల్లా వాడిని కొట్టిన దెబ్బ నాకు గుర్తుకు వస్తుంది.

అమ్మలారా, మన నేలలోని రాతి పొరల నుంచి ఫ్లోరైడ్ భూగర్భ జలంలోకి దిగుతుంది. ఈ వ్యాధి మన సీమకు కొత్తది కాదు. ఫ్లోరైడ్ నీటివల్ల ఎముకలు బిగుసుకుపోయే వ్యాధిని మన దేశంలో వైద్యులు మొట్టమొదట 1937లో నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో గుర్తించి వెల్లడించారు. ఆనాటి నెల్లూరు జిల్లాకు చెందిన పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాలు, కర్నూలు జిల్లాకు చెందిన మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు 1970లో ఏర్పడిన ప్రకాశం జిల్లాలో చేరాయి.

నేను ఆలస్యంగా తెలుసుకున్న సంగతులు నాలుగు చెబుతాను. మొదటిది, నీటిని కాచితే క్రిములు నశిస్తాయి గాని ఫ్లోరైడ్ పోదు. నీరు ఇగిరేకొద్దీ దాని గాఢత ఇంకా పెరుగుతుంది. పావు వంతు ఇగరకాచిన నేను బిడ్డకు మేలు చేయబోయి కీడు చేశాను. రెండవది, దానికి రుచి లేదు, వాసన లేదు. తియ్యని నీరు కదా అని నమ్మడానికి వీలులేదు, పరీక్ష చేయించవలసిందే. లీటరు నీటిలో ఒక మిల్లీగ్రాము లోపు ఉండాలని, వేరే దిక్కులేనప్పుడు సైతం ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటరాదని మన దేశ ప్రమాణం. గ్రామీణ నీటి సరఫరా విభాగం వారి ప్రయోగశాలలో ఈ పరీక్ష చేస్తారు. మూడవది, శాశ్వత దంతాలకు ముప్పు పుట్టినది మొదలు ఎనిమిదేళ్ళ వయసు వరకే. పన్ను పైకి వచ్చాక మంచి నీరు పోసినా మచ్చ మాయదు. కనుక ఇంట్లో ఫ్లోరైడ్ తొలగించిన శుద్ధజలం ఒక్క బిందె మాత్రమే ఉన్నా అది మొదట పసిబిడ్డ తాగడానికి, బిడ్డ వంటకు కేటాయించండి. స్నానానికి, బట్టలకు బోరు నీరు చాలు.

నాలుగవది అన్నింటికన్న పెద్దది. తల్లి ఫ్లోరైడ్ నీరు తాగుతున్నప్పటికీ ఆమె స్తన్యంలోకి అది బహు స్వల్పంగా మాత్రమే వస్తుంది. భగవంతుడు బిడ్డకోసం తల్లి దేహంలోనే ఒక వడపోత అమర్చాడు. నేను దానిని కాదని డబ్బాను ఆశ్రయించాను.

ఆరు నెలలూ అమ్మపాలే

బిడ్డ పుట్టిన గంటలోపల రొమ్ము అందించండి. మొదట వచ్చే చిక్కని పసుపుపచ్చని ముర్రుపాలను పిండి పారబోయవద్దు. బిడ్డకు రోగనిరోధక శక్తినిచ్చే మొదటి రక్షణ అదే. తేనె నాకించడం, ఆముదం పోయడం, వసకొమ్ము అరగదీసి పట్టడం మన ఇళ్ళలో ఆచారంగా వస్తున్నాయి. పెద్దల ఉద్దేశం మంచిదే. అయినా ఏడాది నిండని బిడ్డకు తేనె ప్రమాదకరమని, అందులో ఉండే ఒక విధమైన సూక్ష్మజీవి పసి పేగులలో విషాన్ని పుట్టించగలదని వైద్యశాస్త్రం చెబుతున్నది. తక్కిన రెండూ కూడా పసిబిడ్డకు వద్దనే వైద్యులు చెబుతారు. ఆచారాన్ని గౌరవించదలచినవారు ఆ ద్రవ్యాన్ని దేవుని ఎదుట ఉంచి నమస్కరించి, బిడ్డకు రొమ్ము ఇవ్వండి.

పాలు చాలుతున్నాయో లేదో ఏడుపును బట్టి నిర్ణయించకండి. రోజుకు ఆరుసార్లు, అంతకు మించి మూత్రం పోస్తూ, నెలనెలా బరువు పెరుగుతుంటే పాలు చాలుతున్నట్లే. సాధారణంగా అయిదారు నెలలకు పుట్టినప్పటి బరువుకు రెట్టింపు, ఏడాదికి మూడింతలు అవుతుంది. మన సీమ ఎండలకు బిడ్డ నోరు ఎండుతుందని చెంచాతో నీళ్ళు పోస్తారు. ఆరు నెలల లోపు ఆ అవసరం లేదు. పాలలోనే కావలసిన నీరున్నది. ఎండాకాలంలో మరి రెండుసార్లు ఎక్కువగా పాలివ్వండి.

మిరపకోతలకు, పలకల పనికి వెళ్ళే తల్లులు నన్ను అడుగుతుంటారు, "మా సంగతేమిటి టీచరమ్మా?" అని. చేతులు శుభ్రంగా కడుక్కొని, ఉడకబెట్టి ఆరబెట్టిన గిన్నెలోకి పాలు పిండి, మూతపెట్టి, చల్లని చోట ఉంచి వెళ్ళండి. నాలుగు గంటలకు మించి నిలువ ఉంచవద్దు, వేసవిలో ఇంకా ముందే తాగించాలి. తాగించడానికి సీసా వద్దు. రబ్బరు తిత్తి సందులలో పాలు పులిసి క్రిములు చేరతాయి. మన అమ్మమ్మల ఉగ్గుగిన్నె కడగడానికి సులువు, మరిగించడానికి సులువు. ఆసుపత్రులలో నెలలు నిండని బిడ్డలకు నేడు పాలు పట్టేది అటువంటి గిన్నెతోనే.

అన్నప్రాశన మరునాడు

గృహ్యసూత్రాలు ఆరవ నెలలో అన్నప్రాశన విధించాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సైతం ఆరు నెలలు నిండగానే ఘనాహారం మొదలుపెట్టమని, తల్లిపాలను రెండేళ్ళు, ఆపైన కూడా కొనసాగించమని చెబుతున్నది. అయితే మనలో ఒక లోపమున్నది. అన్నప్రాశన నాడు బంధువులను పిలిచి, పరమాన్నం నాకించి, కత్తి, పుస్తకం, బంగారం ముందుంచి, బిడ్డ ఏది పట్టుకున్నదో చూసి సంతోషిస్తాము. మరునాడు మళ్ళీ పాలే. ఏడాది వచ్చేదాకా చారునీళ్ళు, బిస్కెట్టు ముక్క. బరువు ఆగిపోయేది ఆ నెలలలోనే.

మరునాటి నుంచి రోజుకు రెండు మూడుసార్లు, రెండు మూడు చెంచాలతో మొదలుపెట్టండి. చెంచా వంచితే జారిపోనంత చిక్కగా ఉండాలి. మెత్తగా ఉడికిన అన్నం, పెసరపప్పు లేదా మన పొలంలో పండిన కందిపప్పు, నాలుగు మునగాకులు, ఒక చెంచా నెయ్యి చాలు. రాగి, కొర్ర జావలు మంచివి. తినే ఆచారమున్నవారు గుడ్డు పెట్టవచ్చు. ఏడాది వచ్చేవరకు ఉప్పు, చక్కెర కలపనవసరం లేదు. తొమ్మిదో నెలకు అర గిన్నె, ఏడాదికి ఇంచుమించు గిన్నె నిండా తినగలగాలి. అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం ఆ బిడ్డదే. ఇంటిల్లిపాదీ పంచుకోవద్దు.

కన్నయ్య వలె మీ బిడ్డ కూడా మన్ను తింటే కొట్టకండి. కింది కనురెప్ప మెల్లగా వంచి చూడండి. ఎర్రగా ఉండవలసినది పాలిపోయి ఉంటే రక్తహీనత కావచ్చు. ఆరోగ్య కేంద్రంలో చూపించండి. ఇనుప ధాతువు మందు పడితే మన్ను మీది ఆశ చాలామందిలో దానంతటదే తగ్గుతుంది.

విరేచనాలు పట్టినప్పుడు

మా రెండవ బిడ్డకు పది నెలల వయసులో విరేచనాలు పట్టుకున్నాయి. "నీళ్ళు పోస్తే ఇంకా ఎక్కువవుతుంది, కడుపు మాడ్చు" అన్నారు ఇరుగుపొరుగు. ఒక పూట అట్లాగే చేశాను. సాయంకాలానికి కళ్ళు లోతుకు పోయాయి, ఏడిస్తే కన్నీరు రాలేదు. మా వీధికి వచ్చే నర్సమ్మ చూసి, నన్ను ఒక్కమాట అనకుండా, లీటరు నీటిలో ఓ.ఆర్.ఎస్. పొట్లం మొత్తం కలిపి, నా చేతికి చెంచా ఇచ్చి, నిమిషానికొకటి పోయమన్నది. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి మళ్ళీ పోయమన్నది. రాత్రి రెండు గంటలకు నా బిడ్డ ఒడిలో మూత్రం పోసింది. ఆ తడి తగిలినప్పుడు కలిగిన ఆనందం నాకు మరి ఏ పండుగనాడూ కలగలేదు.

పోయిన నీటిని తిరిగి నింపడమే వైద్యం. పొట్లంలో సగం ఇప్పుడు, సగం రేపు అని విడదీయకండి, ఉప్పు, గ్లూకోజు పాళ్ళు తప్పుతాయి. కలిపిన నీరు ఒక రోజు దాటితే పారబోయండి. తల్లిపాలు ఆపవద్దు, ఆహారం మాన్పవద్దు. వైద్యులు ఇచ్చిన జింకు మాత్రలు విరేచనాలు కట్టినా పద్నాలుగు రోజులూ వేయండి. బిడ్డ పాలు తాగలేకపోయినా, తాగినదంతా కక్కుతున్నా, మూర్ఛ వచ్చినా, పిలిచినా కళ్ళు తెరవకున్నా, మలంలో రక్తం పడినా ఇక ఇంటి వైద్యం వద్దు. 108కి ఫోను చేయండి. ఏడాది లోపు బిడ్డ నిమిషానికి యాభై సార్లు లేదా అంతకు మించి, రెండు నెలల లోపు బిడ్డ అరవై సార్లు లేదా అంతకు మించి ఊపిరి తీస్తుంటే అదీ ప్రమాదమే.

బిడ్డతో క్షేత్రానికి వచ్చేవారికి

పుట్టువెంట్రుకలు తీయించడానికి మార్కాపురం చెన్నకేశవుని సన్నిధికో, త్రిపురాంతకానికో, ఘాట్ మీదుగా శ్రీశైలానికో వెళతారు. కళ్యాణకట్టలో మీ ఎదుటనే కొత్త బ్లేడు తీయమని అడగండి. అందులో తప్పేమీ లేదు. నిలిపిన కారులో బిడ్డను ఒక్క నిమిషం కూడా విడిచిపెట్టవద్దు. ప్రసాదమని గుగ్గిళ్ళు, కొబ్బరి ముక్కలు, వేరుశనగ గింజలు పసినోట పెట్టకండి, గొంతుకు అడ్డుపడతాయి. కళ్ళకద్ది తల్లి తినవచ్చు, బిడ్డకు మెత్తని పులిహోర మెతుకు చాలు. టీకా కార్డు ఒకటి సంచిలో ఉంచుకోండి. యాత్ర కోసం టీకా తేదీ దాటించవద్దు.

దాతలకు ఒక విన్నపం. పేద తల్లులకు పాలడబ్బాలు, పాలసీసాలు పంచాలని కొందరు పుణ్యాత్ములు అనుకుంటారు. 1992 నాటి చట్టం ప్రకారం అనాథ శరణాలయాలకు తప్ప వాటిని ఎవరూ దానంగా ఇవ్వరాదు. దాని బదులు గుడి ప్రాంగణంలో తల్లి కూర్చొని పాలివ్వడానికి తెరకట్టిన ఒక చల్లని గది, ఒక ఫ్యాను, ఫ్లోరైడ్ తొలగించిన నీటి కొళాయి ఏర్పాటు చేయండి. అన్నదాన సత్రంలో కారం వేయని పప్పన్నం ఒక పాత్ర వేరుగా వండించండి. చలివేంద్రం పెట్టే ముందు ఆ నీటిని పరీక్ష చేయించండి.

మన మార్కాపురం పలకలు దేశమంతటా ఎందరో బిడ్డల చేత తొలి అక్షరం దిద్దించాయి. ఆ పలక చేతికి వచ్చేనాటికే బిడ్డ ఎముక, దంతం, మెదడు చాలావరకు రూపు దిద్దుకొని ఉంటాయి. బడిలో నా ముందు కూర్చున్న పిల్లలలో ఎందరికో అక్షరం రాకపోవడానికి కారణం బడిలో లేదు, అంతకు మూడేళ్ళ ముందటి గిన్నెలో ఉన్నది. నాకు ఆ సంగతి తెలిసేసరికి నా బిడ్డ పెద్దవాడైపోయాడు.

ఇప్పుడు వాడికి ఒక కూతురున్నది. అమ్మపాలమీద, శుద్ధజలంమీద పెరిగింది. క్రిందటి ఏడాది కొత్త పళ్ళు వచ్చాయి. "నాయనమ్మా, చూడు" అని నోరంతా తెరిచి చూపించింది. తెల్లగా ఉన్నాయి. పక్కన నిలబడిన నా కొడుకు కూడా నవ్వాడు, పెదవులు బిగించకుండా.