పాత రంగు కింద



పాత కారు గురించి మాట్లాడతాననగానే ఎవరికైనా అంటగట్టబోతున్నాడేమో అని కంగారు పడకండి. బాతెల్‌లో మా గరాజ్‌లో 1967 నాటి మస్టాంగ్ ఒకటుంది. రెండేళ్ళుగా దాని రంగు గీకుతున్నాను.

ముందు ఫెండర్, అదే మన ఊళ్ళో మడ్‌గార్డు, విప్పాను. ఎరుపు కింద నీలం, దాని కింద ప్రైమర్, రెండుచోట్ల అయస్కాంతం అంటనంత మందాన లప్పం! ఇసుకతో బ్లాస్ట్ చేయిస్తే సులువేగాని, బోనెట్ లాంటి పల్చటి రేకు ఆ దెబ్బకు వంకరపోతుంది. ఉప్పు కాగితంతో రుద్దితే దుమ్ము లేస్తుంది. ఆనాటి రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది. అందుకని రసాయనం పూద్దామనుకున్నాను.

ఒక గరాజ్ సేల్‌లో పాత డబ్బా దొరికింది. అందులో ఉన్నది మిథిలీన్ క్లోరైడ్. రంగు ఐదు నిమిషాల్లో పొక్కులు లేచి ఊడొచ్చింది. బయట వాన, రేకు తుప్పు పడుతుందని తలుపు దించేశాను. ముక్కుకు దుమ్ము మాస్కు పెట్టుకుని, నేలమీద కూర్చుని గీకుతున్నాను. ఆ మాస్కు దుమ్మును ఆపుతుందిగాని ఆవిరిని ఆపదు. పైగా ఆ ఆవిరి గాలికన్నా బరువు, నేలబారునే పేరుకుంటుంది. ఒంట్లోకి వెళ్ళాక కార్బన్ మోనాక్సైడ్‌గా కూడా మారుతుంది. ఇంజనీరింగ్ చదివినవాణ్ణి, డబ్బా మీద అక్షరాలు చదవలేదు!

తల తిరుగుతుంటే ఆకలేమో అనుకున్నాను. "ఏమండీ, ఆ వాసనేమిటి?" అంటూ మా ఆవిడ వచ్చి తలుపు ఎత్తకపోతే ఇవాళ ఈ మైకు ముందు నేను ఉండేవాణ్ణి కాదు. ఆ మందుతో రంగు తీస్తూ చనిపోయినవాళ్ళున్నారు. అందుకే ఇళ్ళలో రంగు తీయడానికి దాన్ని అమ్మకూడదని ఇ.పి.ఎ. 2019లో నిషేధించింది, 2024లో ఇంకా బిగించింది. పాత డబ్బాలు మాత్రం గరాజ్‌లలో మిగిలే ఉన్నాయి. మీ ఇంట్లోనూ ఒకసారి చూసుకోండి.

మర్నాడు మా అబ్బాయి ఆ జిగురంతా గొట్టంతో కడగబోయాడు. ఆపాను. మన వీధి కాలువల్లో పడ్డ నీరు శుద్ధి కాకుండానే వాగుల్లోకీ సమామిష్ నదిలోకీ పోతుంది. శరదృతువులో సాల్మన్ చేపలు ఎదురీదుకుంటూ వచ్చేది ఆ నీళ్ళలోనే. ఎత్తి డబ్బాలో మూతపెట్టి, ప్రమాదకరమైన చెత్త తీసుకునేచోట ఇచ్చి వచ్చాను.

ఇప్పుడు బ్లేడు పట్టుకుని, ఓపిగ్గా, తలుపు తెరిచి గీకుతున్నాను. రేకు తేలిన రోజే ఎపాక్సీ ప్రైమర్ కొట్టేస్తున్నాను. కుడి తలుపు ఇంకా మిగిలుంది. ఆగస్టులో ఎండ కాసేదాకా దాని జోలికి పోను.