చెరువుల లెక్క మే నెలలో తీయాలి
(గ్రామ కమిటీల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగం)



డెల్టాలో ఎంత వరి చేను చేపల చెరువైందని అడిగితే ఒక్కో కాగితం ఒక్కో లెక్క చెబుతుంది. అడంగల్‌లో వరి అని ఉన్న సర్వే నెంబరులో మేత పడవ తిరుగుతుంటుంది. అందుకే ఉపగ్రహ చిత్రాలు చదవడం మనం నేర్చుకోవాలంటున్నాం. ల్యాండ్‌శాట్ 1972 నుంచి తీస్తున్న చిత్రాలు 2008 నుంచి ఉచితంగా ఇస్తున్నారు. హైదరాబాద్‌లోని ఎన్‌ఆర్‌ఎస్‌సీ తయారుచేసిన 2005-06, 2011-12, 2015-16 భూవినియోగ పటాలను భువన్‌లో చూడొచ్చు.

ఇప్పటి ల్యాండ్‌శాట్ చిత్రంలో ఒక చుక్క అంటే 30 మీటర్ల చదరం, మన లెక్కలో 22 సెంట్లు. సెంటినెల్-2లో 10 మీటర్లు, రెండున్నర సెంట్లు. గట్టు తగాదాకి ఇవి పనికిరావు. చెరువుకి చాలు.

పచ్చని పైరు పరారుణ కాంతిని తిప్పికొడుతుంది, నీరు మింగేస్తుంది. అందుకే ఆ చిత్రంలో నీరు నల్లగా ఉంటుంది. చిక్కల్లా ఇక్కడే. సార్వా నాట్లప్పుడు చేలోనూ నీళ్లే కదా! జూలై చిత్రంతో లెక్కేస్తే ఊడ్చిన చేలన్నీ చెరువుల ఖాతాలో పడతాయి. పైగా మబ్బులు. దాళ్వా కోతలయ్యి, కాలువలు కట్టేశాక, మే నెలలోనూ నల్లగా ఉన్నదాన్ని చెరువుగా రాసుకోవాలి. ఆ ఏడు ఎండగట్టిన చెరువు తప్పిపోతుంది కాబట్టి వరసగా మూడేళ్ల మే నెలలు చూడాలి. ఊరి మంచినీళ్ల చెరువూ నల్లగానే ఉంటుంది. చేలో కాలు పెట్టకుండా పటం గీయొద్దు.

కొల్లేరులో 2006లో చెరువు గట్లు కొట్టినప్పుడు అందరి చూపూ ఐదో కాంటూరు లోపలే ఉంది. దాని బయట కైకలూరు, ఆకివీడు, ఉండి వైపు వరి చేల గతి అడిగినవాళ్లు తక్కువ. అక్కడ పాత, కొత్త చిత్రాలు పక్కపక్కన పెట్టి చూడండి.

అయితే చిత్రంలో ఆసామీ, కౌలు రైతు తేడా లేదు. ఎక్కువ కౌలు వస్తుందని తవ్వించినవాడూ, పక్క చెరువు ఊటకి చేను పాడై గత్యంతరం లేక తవ్వుకున్నవాడూ ఒకే నలుపు. ఆ చేను దున్నిన కౌలుదారు అసలే కనిపించడు. 2019 చట్టం కింద కార్డు ఉందో లేదో, ఇప్పుడు ఏ పనికి పోతున్నాడో మనమే అడిగి రాయాలి.

కాబట్టి ప్రతి కమిటీ సర్వే నెంబరు వారీగా రాయాల్సినవి మూడు: చెరువు చిత్రంలో మొదట కనిపించిన ఏడాది, అంతకుముందు సాగుచేసినవారి పేరు, అనుమతి తేదీ. మూడోది ఇవ్వకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. తవ్విన ఏడాది ముందు, అనుమతి తర్వాత ఉన్న నెంబర్లను విడిగా కట్టగట్టి జిల్లా కమిటీకి పంపండి.