ఫ్యూజు చెప్పిన మాట



ముప్పది రెండేండ్లు ఉన్నతపాఠశాలలో తెలుగును సంస్కృతమును బోధించి విశ్రాంతి గొన్న పంతులు మోటారుకారులోని విద్యుత్తును గూర్చి మాటాడుటయేమని మీకు సందేహము కలుగవచ్చును. ఆ సందేహము న్యాయమైనదే. ఈ విషయమున నాకు గల అర్హత యొక్కటే: నేనొక తప్పు చేసితిని, దాని ఫలమును కన్నులార చూచితిని.

మా యింట నున్నది క్రాసోవరను జాతి కారు. చిన్నకారు వంటి కట్టుబడియే. ఎత్తు కొంత పెంచి, ఇంటిల్లిపాదికిని చోటు కల్పించినారు. అద్దములు లేచుట మొదలు దీపములు వెలుగుట వరకు దానిలో అన్నిటికిని విద్యుత్తే ఆధారము. 2022వ సంవత్సరమున, కార్తికమాసమునకు కొలది దినముల ముందు, ఆ బండికి ముందువైపున రెండు ఫాగు దీపములను నేనే అమర్చితిని. ఒక్కొక్కటి 55 వాట్లది. వాటి వైరును పార్కింగు దీపముల వైరునకు మెలిపెట్టి, టేపు చుట్టితిని. వెలిగించిన కొంతసేపటికి ఫ్యూజు పోయెను. అట్టిదే మరియొకటి వేసితిని; అదియు పోయెను. అంతట 10 ఆంపియర్ల ఫ్యూజు స్థానమున 30 ఆంపియర్లది పెట్టి, చిక్కు తీరినదని సంతోషించితిని.

వాట్లను వోల్టులచే భాగించిన ఆంపియర్లు వచ్చును. రెండు దీపములకు 110 వాట్లు. 12చే భాగించిన 9కి పైబడును. ఆ వైరు అంతకుముందే పార్కింగు దీపముల భారమును మోయుచున్నది. రెండును కలిసి 10 దాటుననుట ఐదవ తరగతి బాలుడు చెప్పగలడు. నేను లెక్క వేయనే లేదు.

అన్నవరము సత్యదేవుని దర్శించి రాత్రివేళ రాజమహేంద్రవరమునకు మరలివచ్చుచుంటిమి. అల్లుడు బండి నడుపుచుండెను. మనుమలిద్దరు వెనుక సీటున నిద్రించుచుండిరి. జగ్గంపేట దాటిన పిమ్మట కాలిన వాసన వచ్చెను. వెంటనే డాష్‌బోర్డు క్రిందనుండి పొగ వెడలెను. అల్లుడు బండిని ప్రక్కకు దీసి, ఇంజను నాపి, పిల్లలను దింపుడని కేకవేసి, పానాతో బ్యాటరీ నెగటివు వైరును ఊడదీసెను. ఎవరికిని హాని కలుగలేదు. కాని నిద్రమత్తు వదలని పసివారిని చెరియొక చేత పట్టుకొని ఆ చీకటిలో రోడ్డు ప్రక్కన నిలిచినపుడు నాకు నోట మాట రాలేదు.

మరునాడు బండిని విప్పిచూచిన ఎలక్ట్రీషియను అసలు సంగతి చూపెను. నేను మెలిపెట్టిన అతుకు బండి కుదుపులకు సడలి, టేపు జారి, బాడీ ఇనుమునకు తగిలినది. 10 ఆంపియర్ల ఫ్యూజైనచో తత్క్షణమే తెగి వైరును కాపాడియుండును. 30 ఆంపియర్లది తెగలేదు. దాని బదులు వైరు కాలినది. "మాస్టారూ, ఫ్యూజు పోతే మంచిదేనండీ. పోకపోతేనే భయపడాలి" అని అతడనెను. కావలివాడు కేకవేసినపుడు దొంగను వెదకవలెను గాని కావలివాని నోరు మూయరాదు గదా!

కావున మొదటి నియమము: ఫ్యూజు పోయినచో అంతే ఆంపియర్లది వేయుడు. 10కి ఎరుపు, 15కి నీలము, 20కి పసుపు, 30కి ఆకుపచ్చ రంగులుండును. ఏది యెచటిదో సాధారణముగా ఫ్యూజుపెట్టె మూతమీదనో, బండితో వచ్చిన పుస్తకముననో చూపబడియుండును. రెండవసారియు పోయినచో కారణమును వెదకుడు. వైద్యశాస్త్రమున నిదానము ముందు, చికిత్స వెనుక.

రెండవది బ్యాటరీ. రాత్రియంతయు కదలక యున్న మంచి బ్యాటరీ మల్టీమీటరుమీద సుమారు 12.6 వోల్టులు చూపవలెను. 12కు దిగినచో అది చాలవరకు ఖాళీయైనట్లే. ఇంజను నడచునపుడు సామాన్యముగా 13.5 మొదలు 14.5 వరకుండును. పని చేయుటకు ముందు నెగటివు వైరును మొదట విప్పుడు. మరల బిగించునపుడు దానిని చివర బిగింపుడు. ఏలయన, నెగటివు తగిలియుండగా పాజిటివును విప్పు పానా బాడీకి తగిలినచో నిప్పులు రాలును. చేతి ఉంగరమును ముందే తీయుడు.

మూడవది, నిలిపిన బండిలో బ్యాటరీ దిగిపోవు వ్యాధి. దీనికి తర్కశాస్త్రములోని అన్వయవ్యతిరేకములే సాధనము. నెగటివు ధ్రువమునకును దాని వైరునకును నడుమ మల్టీమీటరును ఆంపియర్లకు పెట్టి కలిపి, తలుపులు మూసి, లోపలి యంత్రములు నిద్రించువరకు అరగంట యాగుడు. ఆ మీటరు కలిసియుండగా సెల్ఫు కొట్టరాదు. సామాన్యముగా 50 మిల్లీఆంపియర్లకు మించరాదు. మించినచో ఫ్యూజులను ఒక్కొక్కటిగా తీసి చూడుడు. ఏది తీసిన మీటరు దిగునో, ఆ దారినే దొంగ యున్నాడు. మా బండిలో ఒకమారు ఆ దొంగ అద్దమునకు తగిలించిన కెమెరాయే!

నాలుగవది, క్రొత్త సౌకర్యములు. ఎక్కువ విద్యుత్తు గుంజు దీపములకు, హారనులకు పాత వైరును నమ్ముకొనరాదు. బ్యాటరీ నుండి వేరుగా తగిన లావు గల వైరు తీసి, బ్యాటరీకి జానెడు దూరములోనే దానికొక ఫ్యూజు పెట్టి, రిలే ద్వారా ఇయ్యవలెను. రిలేకు 85, 86 అను కొనలు ఆజ్ఞ పుచ్చుకొనునవి. 30, 87 అనునవి భారము మోయునవి. స్విచ్చు ఆజ్ఞాపించును, రిలే పని చేయును. అతుకులను మెలిపెట్టి విడువక, క్రింపు చేసియో, టంకము వేసియో, స్లీవు తొడిగి, కదలకుండ కట్టవలెను.

ఇక ముట్టరాని తావులు రెండు. ఎయిర్‌బ్యాగుల వైర్లు పెక్కు బండ్లలో పసుపు తొడుగుతో నుండును. హైబ్రిడ్, విద్యుత్తు బండ్లలో నారింజరంగు వైర్లు ప్రాణాపాయకరమైన వోల్టేజిని మోయును. వీనిని నేర్పరులకే విడువుడు. దానివలన మన పౌరుషమునకు లోపము లేదు.

మా బండికి ఆ దీపములు నేడును గలవు; రిలేతో, తమ ఫ్యూజుతో సక్రమముగా వెలుగుచున్నవి. నాటి ఆకుపచ్చ ఫ్యూజును మాత్రము నా కలముల పెట్టెలో దాచితిని. స్వహస్తముతో పని చేసికొనుట మంచిదే. చేతికంటె ముందు లెక్క కదలవలెనని అది నాకు దినదినము జ్ఞాపకము చేయుచున్నది.