స్క్రీన్ అంతా గ్రీన్... అయినా పెద్దాయన మూలుగు ఆగలేదు

ఈరోజు ఎపిసోడ్ కాస్త బరువుగా ఉంటుంది, ముందే చెప్పేస్తున్నా.

నేను ఇంగ్లాండ్‌లో ఒక కేర్ హోమ్‌లో సీనియర్ కేరర్‌ని. ఎక్కువగా నైట్ డ్యూటీలే. ఇక్కడున్న పెద్దవాళ్ళలో చాలామందికి చివరి రోజులు కూడా ఇక్కడే గడుస్తాయి. మీలోనూ కేర్ హోముల్లో పనిచేస్తున్నవాళ్ళు, చదువుకుంటూ పార్ట్‌టైమ్ షిఫ్టులు చేస్తున్నవాళ్ళు ఉన్నారని తెలుసు. ఈ వీడియో ముఖ్యంగా మీకోసం.

ముందు ఒక మాట అర్థం కావాలి. ఈ-మార్. ఎవరికి ఏ మందు, ఎంత డోసు, ఎన్ని గంటలకు ఇచ్చాం, ఎవరు ఇచ్చారు అనేది ఒకప్పుడు కాగితం చార్టు మీద రాసేవాళ్ళు. ఇప్పుడు చాలా హోముల్లో ఫోన్‌లోనో ట్యాబ్‌లోనో ఒక యాప్ ఉంటుంది. అదే ఈ-మార్. మా యాప్‌లో మందు ఇస్తే గ్రీన్, టైమ్ దాటితే రెడ్. ఎనిమిదింటి బీపీ టాబ్లెట్ మర్చిపోతే ఊరుకోదు, ఎర్రగా మెరుస్తూనే ఉంటుంది. నిజంగా మంచి సాధనం. నేను దానికి వ్యతిరేకం కాదు.

ఇప్పుడు ఆ రాత్రి సంగతి చెప్తా.

శనివారం రాత్రి ఒంటిగంటన్నర. మా దగ్గర ఎనభై దాటిన పెద్దాయన ఒకరు ఉండేవారు. ఒకప్పుడు లారీ డ్రైవర్. ఊపిరితిత్తుల క్యాన్సర్. నొప్పి వచ్చినప్పుడు లిక్విడ్ మార్ఫిన్ నోట్లో ఇచ్చేవాళ్ళం. ఆ సాయంత్రం నుంచి మింగలేకపోతున్నారు. రాత్రికి మూలుగు మొదలైంది. దుప్పటి లాగేసుకుంటున్నారు, నుదురు ముడుచుకుపోయింది. పక్కన కూతురు చెయ్యి పట్టుకుని కూర్చుంది.

ఇలాంటి సమయం వస్తుందనే డాక్టర్లు ముందుగానే కొన్ని ఇంజెక్షన్లు రాసి ఉంచుతారు. ఇక్కడ వాటిని 'జస్ట్ ఇన్ కేస్' మందులు అంటారు. నొప్పికి, ఆయాసానికి మార్ఫిన్. ఆందోళనకు మిడజోలామ్. వాంతులకు ఒకటి, గొంతులో గురగురకు ఒకటి. అన్నీ చర్మం కింద ఇచ్చేవి. మా హోమ్‌లో నర్సులు ఉండరు. మేం కేరర్లం, ఈ ఇంజెక్షన్లు ఇవ్వకూడదు. మందు మా బీరువాలోనే ఉంటుంది, ఇవ్వడానికి డిస్ట్రిక్ట్ నర్స్ బయటి నుంచి రావాలి.

ఫోన్ చేశాం. నలభై నిమిషాల్లో నర్స్ వచ్చారు. బీరువా తీశాం. యాప్‌లో ఎన్ని ఉన్నాయో బాక్సులోనూ అన్నే ఉన్నాయి. రిజిస్టర్‌లో కూడా లెక్క సరిపోయింది. అంతా గ్రీన్. అప్పుడు నర్స్ అడిగారు, "ఆథరైజేషన్ చార్ట్ ఎక్కడ?"

ఆ చార్ట్ అంటే, ఈ పేషెంట్‌కి ఈ మందు, ఇంత డోసు, ఇంత వ్యవధి తర్వాత మళ్ళీ ఇవ్వొచ్చు అని డాక్టర్ సంతకం పెట్టి నర్స్‌కి ఇచ్చే అనుమతి. ప్రిస్క్రిప్షన్ ఫార్మసీకి వెళ్ళింది, మందులు వచ్చాయి. చార్ట్ మాత్రం రాలేదు. యాప్‌లో దాని గురించి అడిగే గడి ఎక్కడా లేదు. కాబట్టి మాలో ఎవరికీ అనుమానం కూడా రాలేదు.

నాతో ఆ రాత్రి నెల్లూరు అమ్మాయి ఒకతను కాదు, ఒకామె డ్యూటీలో ఉంది, కొత్తగా చేరింది. "అక్కా, మందు ఇక్కడే ఉంది కదా, ఇంకా ఎందుకు ఇవ్వట్లేదు?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. నర్స్ రాత్రి డ్యూటీ డాక్టర్ కోసం ఫోన్ మీద ఫోన్. చార్ట్ వచ్చి, ఇంజెక్షన్ పడేసరికి నాలుగు దాటింది. అరగంటలో ఆయన నుదురు మామూలైంది, ఊపిరి నెమ్మదించింది. ఆదివారం సాయంత్రం ప్రశాంతంగా పోయారు. కానీ ఆ రెండున్నర గంటలు ఆ కూతురికి జీవితాంతం గుర్తుంటాయి. నాకూ ఉంటాయి.

మీకు కోపం రావొచ్చు. సంతకం కోసం మనిషిని ఏడిపిస్తారా అని. ఆ రాత్రి నాకూ వచ్చింది. కానీ ఆ సంతకానికి వెనక ఒక చరిత్ర ఉంది. ఇదే దేశంలో గోస్‌పోర్ట్ వార్ మెమోరియల్ హాస్పిటల్ అని ఒకటుంది. 1989 నుంచి 2000 వరకు అక్కడ వైద్యపరంగా అవసరం లేకుండానే మార్ఫిన్ లాంటి మందులు ఇచ్చారని, 450 మందికి పైగా పేషెంట్ల ఆయుష్షు తగ్గిపోయిందని 2018లో స్వతంత్ర ప్యానెల్ రిపోర్ట్ ఇచ్చింది. కాబట్టి ఎవరు రాశారు, ఎందుకు రాశారు, ఎంత ఇచ్చారు అనే రికార్డు ఉండాల్సిందే. మందు అనవసరంగా ఇవ్వకుండా ఆపేది ఆ రికార్డే. అవసరమైనప్పుడు ఆలస్యం కాకుండా చూడాల్సిందీ అదే. మా దగ్గర మొదటిది పనిచేసింది, రెండోది పనిచేయలేదు.

ఇంకో విషయం. రోజువారీ టాబ్లెట్‌కి టైమ్ ఉంటుంది, అలారం మోగుతుంది. చివరి రోజుల మందులు 'అవసరమైతే' ఇచ్చేవి. వాటికి టైమ్ లేదు. ఆయన నొప్పితో మెలికలు తిరుగుతున్నా యాప్ మోగదు. గ్రీన్ అంటే మనం ఏదీ మర్చిపోలేదని మాత్రమే. ఆయన హాయిగా ఉన్నారని కాదు. అది మనం గదిలోకి వెళ్ళి ముఖం చూసి తెలుసుకోవాలి.

ఆ తర్వాత మా మేనేజర్‌తో కూర్చుని కొన్ని మార్చుకున్నాం. మీ హోమ్‌లోనూ అడిగి చూడండి.

ఒకటి. 'జస్ట్ ఇన్ కేస్' మందులు వచ్చిన రోజే యాప్‌లో ఒక టాస్క్ పెడతాం. మందు ఉందా, కలపడానికి నీళ్ళ ఆంపుల్స్, సూదులు ఉన్నాయా, సంతకంతో చార్ట్ ఉందా, రాత్రి ఫోన్ నంబర్ రాసి ఉందా. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం మళ్ళీ చూస్తాం, డాక్టర్ క్లినిక్ మూసేలోపే.

రెండు. మింగడం కష్టమవుతోందని పగలు కనిపిస్తే పగలే ఫోన్ చేస్తాం. రాత్రి దాకా ఆగం. డాక్టర్ ఆపేయమన్న పాత టాబ్లెట్లను యాప్‌లోంచి తీయించేస్తాం. లేకపోతే స్క్రీన్ అంతా రెడ్ అయ్యి, అసలు చూడాల్సింది అందులో మునిగిపోతుంది.

మూడు. డిస్ట్రిక్ట్ నర్స్ తన రికార్డులో రాసుకుంటారు, మనం మన దాంట్లో. రెండూ కలవవు. అందుకే నర్స్ వెళ్ళేముందు ఏం ఇచ్చారో, ఎప్పుడో, ఇంకెన్ని ఆంపుల్స్ మిగిలాయో ఇద్దరం కలిసి లెక్క చూసి రాస్తాం. మందు పనిచేసిందా లేదా అనేది కూడా తర్వాత రాస్తాం. "ఇచ్చారు" అని ఒక్కటే రాస్తే తర్వాతి షిఫ్ట్ వాళ్ళకు ఏమీ తెలియదు.

చివరిగా, కుటుంబంతో మాట్లాడటం. మార్ఫిన్ అనగానే "చంపేస్తున్నారా?" అని భయపడేవాళ్ళు మన ఊళ్ళలోనే కాదు, ఇక్కడా ఉన్నారు. ఈ డోసు నొప్పి తగ్గించడానికి, ప్రాణం తీయడానికి కాదు అని ముందుగానే డాక్టరో నర్సో కూర్చోబెట్టి చెప్తే ఆ భయం తగ్గుతుంది.

పెద్దాయన వాడని ఆంపుల్స్‌ని చనిపోయాక ఏడు రోజులు ఉంచి, తర్వాత ఫార్మసీకి వాపస్ పంపాం. అవి ఆయన పేరు మీద వచ్చినవి, ఇంకెవరికీ వాడకూడదు. యాప్‌లో ఆ లెక్క సున్నా చేస్తూ నేను కాసేపు అలాగే నిలబడిపోయాను.

ఈ శుక్రవారం మీ షిఫ్ట్ ఉంటే, ఒక్కసారి ఆ బాక్స్ తీసి చార్ట్ ఉందో లేదో చూడండి. అంతే అడుగుతున్నా. ఉంటాను ఫ్రెండ్స్, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.